ఐదున్నరకి తిప్పిన బిళ్ళ

సత్యదేవ్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేసుకుంటే ఒక పనైపోతుంది. తర్వాత జరిగిందంతా విన్నాక ఆయన్ని నాలుగు తిట్టాలనిపిస్తుంది ఎవరికైనా, అప్పుడు చెబితే నమ్మరు.

తుని నుంచి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. రాంగోపాల్‌పేట్‌లో మోటారు పంపుల షాపు, సైనిక్‌పురిలో ఇల్లు. భార్య ఇంద్రజ అంటే ప్రాణం. ఆ ప్రాణం ఎలాంటిదంటే, హోటల్‌కి వెళ్తే ఆవిడ మెనూ తెరిచేలోపే "మా ఆవిడకి పెసరట్టు, ఉల్లిపాయ వద్దు" అని చెప్పేసేవాడు. డాక్టరు "ఎక్కడమ్మా నొప్పి?" అని ఆవిణ్ణి అడిగితే "ఎడమ మోకాలండీ" అని ఈయన అనేవాడు. ఇంద్రజ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది, క్లాసులో అరవై మందిని కంటిచూపుతో కూర్చోబెట్టగలదు. ఇంట్లో మాత్రం మొదట్లో నవ్వేది, తర్వాత ఊరుకునేది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనుకునే మొగుళ్ళు లోకంలో చాలామంది, సత్యదేవ్ వాళ్ళలో ఒకడు.

అలాంటి ఇంద్రజ నలభై తొమ్మిదో ఏట ఒక ఆదివారం ఎవరో సహోద్యోగితో కలిసి హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెరచాప పడవలు నేర్పే క్లబ్బుకి వెళ్ళి, తల నుంచి కాలి దాకా తడిసి ఇంటికొచ్చింది. సత్యదేవ్ గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు.

"ఆ నీళ్ళలోనా ఇందూ? కంపు కాదూ?"

"కంపే. వచ్చే ఆదివారం కూడా వెళ్తున్నా."

నాలుగు వారాలైతే సరదా తీరిపోతుందిలే అనుకున్నాడు. మూడేళ్ళయినా తీరలేదు. ఒక్క మనిషి పట్టే చిన్న పడవ, దానికొక తెరచాప, చేతిలో తాడు, అంతే. ఒకసారి రాణిగంజ్ సిగ్నల్ దగ్గర కారాగినప్పుడు ఆవిడే చెప్పింది, అడక్కుండా.

"గాలి తగలగానే ముందు తాడు బిగుస్తుందండీ. పడవ ఒక పక్కకి ఒరుగుతుంది. నేను రెండో పక్కన అంచు మీద కూర్చుని, వీపు నీళ్ళకి తగిలేంత వెనక్కి వాలతాను. తక్కువ వాలితే పడవ అటు పడుతుంది, ఎక్కువ వాలితే నా మీదకే తిరగబడుతుంది. ఎంత వాలాలో ఎవరూ చెప్పరు, నేనే చూసుకోవాలి. అలా ఉన్నంతసేపూ బుర్రలో ఇంకేమీ ఉండదు. ఎంత హాయిగా ఉంటుందో."

సత్యదేవ్ సీరియస్‌గా ఆలోచించి, "తలకి ఏదైనా హెల్మెట్ లాంటిది పెట్టుకోకూడదూ?" అన్నాడు. ఇంద్రజ కిటికీలోంచి బయటికి చూసింది.

ఆయనకి ఈత రాదు, పడవెక్కడు. కానీ ఇంట్లో కూర్చోలేడు. అందుకని ప్రతి ఆదివారం తనే కార్లో తీసుకొచ్చి, ఫ్లాస్కుతో టీ పెట్టుకుని, క్లబ్బు ఒడ్డున సిమెంటు బెంచీ మీద కాపలా కూర్చునేవాడు.

ఆ బెంచీ పక్కనే ఉండేది జాన్ సాహెబ్ బోర్డు. జాన్ సాహెబ్‌ది నల్గొండ దిక్కు ఊరు. ముప్పై ఏళ్ళుగా ఈ క్లబ్బులో కాపాడే మోటారు పడవ ఆయన చేతిలోనే ఉంది. బోర్డు సగం ఎరుపు, సగం తెలుపు. ఒక్కొక్కరికీ నంబరేసిన ఒక ఇత్తడి బిళ్ళ. నీళ్ళలోకి దిగేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు ఎరుపు వైపు తగిలించాలి, ఒడ్డెక్కాక ఎవరిది వాళ్ళే తెలుపు వైపుకి మార్చాలి. ఎరుపులో ఒక్క బిళ్ళ ఉన్నా ఆయన మోటారు పడవని పైకి లాగడు. ఒకసారి ఓ రిటైర్డ్ కల్నల్ బిళ్ళ మార్చడం మర్చిపోయి సైనిక్‌పురి వెళ్ళిపోతే, ఫోన్ చేసి వెనక్కి రప్పించాడు గానీ తను మాత్రం ముట్టుకోలేదు. కల్నల్ గొణుక్కుంటూనే వచ్చి, తన చేత్తోనే మార్చి వెళ్ళాడు.

మన సత్యదేవ్‌కి ఇదంతా తెలుసు. తెలిసీ, ఇంద్రజ పడవ ఒడ్డుకి తగలగానే లేచివెళ్ళి ఆవిడ బిళ్ళ మార్చేసేవాడు. అలిసిపోయి వస్తుంది, చేతులు తడిగా ఉంటాయి, ఆ మాత్రం సాయం చెయ్యకపోతే మొగుడెందుకు అని ఆయన లెక్క. జాన్ సాహెబ్ రెండుసార్లు చూసి ఊరుకుని, మూడోసారి దగ్గరికొచ్చాడు.

"సార్, గది అమ్మనే తిప్పాలె. మీరు ముట్టుకుంటే నాకు తక్లీఫ్ అయితది."

"అలాగేలే జాన్ సాహెబ్."

ఆ మాట ఇంద్రజ చెవిన పడింది. ఆ రోజు కార్లో ఆవిడ మొదటిసారి గట్టిగా అడిగింది. "అదొక్కటీ నాకు వదిలెయ్యండి. ఇంకేదైనా చెయ్యండి, ఆ బిళ్ళ జోలికి మాత్రం రావద్దు. సరేనా?" సరేనన్నాడు. రెండు నెలలు మాట నిలబెట్టుకున్నాడు కూడా.

జులైలో ఆ ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఆయన పెద్దమ్మ మనవరాలి నిశ్చితార్థం. సత్యదేవ్‌కి ఆలస్యమంటే ఒళ్ళు మంట. మూడింటి నుంచే "ఐదున్నరకల్లా వచ్చెయ్యాలి సుమా" అని నాలుగుసార్లు చెప్పాడు. ఇంద్రజ ఎప్పుడూ ఐదున్నరకే వస్తుంది, చెప్పక్కర్లేదు.

ఐదు దాటాక ఖైరతాబాద్ వైపు మబ్బు నల్లగా లేచింది. పడమటి గాలి ఉండుండి విసురుగా కొట్టడం మొదలెట్టింది. పడవలు ఒకదాని వెనకొకటి ఒడ్డుకి చేరుతున్నాయి. తెరచాపలు టపటపా కొట్టుకుంటున్నాయి, జనం పడవల్ని లాక్కుంటూ పరుగులు పెడుతున్నారు, అంతా గోల. అదే సమయానికి షాపు ఖాతాదారు ఎవరో మోటారు కాలిపోయిందని ఫోన్ చేశాడు. సత్యదేవ్ వాడికి సర్దిచెబుతూ వాచీ చూసుకున్నాడు. ఐదున్నర. ఫోన్ చెవికి పెట్టుకునే బోర్డు దగ్గరికి వెళ్ళి, ఇంద్రజ బిళ్ళ తీసి తెలుపు వైపు తగిలించాడు. వాన మొదలవకముందే కారు గేటు దగ్గరికి తిప్పి పెడదామని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన రెండు నిమిషాలకి జాన్ సాహెబ్ బోర్డు చూశాడు. అన్నీ తెలుపే. మోటారు పడవని పైకి లాగి, గొలుసేసి, ఇంజన్ విప్పి షెడ్డులో పెట్టాడు. వాన దభదభా దిగింది.

కార్లో సత్యదేవ్ ఏసీ వేసి కూర్చున్నాడు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడమంటే అంతేగా అని విసుక్కున్నాడు. ఆరింటికి ఫోన్ చేస్తే అది వెనక సీట్లో ఆవిడ సంచీలోనే మోగింది. గొడుగేసుకుని లోపలికి నడిచాడు. బట్టలు మార్చుకునే గదిలో లేదు, క్యాంటీన్‌లో లేదు. షెడ్డులో జాన్ సాహెబ్ ఇంజన్ తుడుస్తున్నాడు.

"మా ఆవిణ్ణి చూశారా?"

"అమ్మ బిళ్ళ తెల్ల దిక్కే ఉంది గద సార్. ఈడనే యాడనో ఉంటది. క్యాంటీన్ల చూసిన్రా?"

అప్పుడు అర్థమైంది సత్యదేవ్‌కి. ఆ బిళ్ళ తిప్పింది తను, ఆవిడ కాదు. చెప్పాలి, ఆ క్షణమే చెప్పాలి. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "లేదు, చూసొస్తా" అన్నాడు. ఇప్పుడే చూసొచ్చిన క్యాంటీన్‌కి మళ్ళీ నడిచాడు. ఎందుకంటే ఏం చెప్పగలం? సిగ్గు. మాటిచ్చి తప్పానని చెప్పుకోవడానికి సిగ్గు. పెళ్ళాం నీళ్ళలో ఉంటే సిగ్గుపడ్డాడు మహానుభావుడు.

క్యాంటీన్ నుంచి తిరిగొస్తుంటే పడవలు నిలబెట్టే చోటు కనిపించింది. వరసగా అన్నీ ఉన్నాయి, ఇంద్రజ పడవని ఎక్కించే చక్రాల బండి ఒక్కటే ఖాళీగా వానలో తడుస్తోంది. గొడుగు ఎక్కడ పడేశాడో తెలీదు. షెడ్డు దాకా పరిగెత్తాడు.

"బిళ్ళ నేను తిప్పాను. ఆవిడ రాలేదు."

జాన్ సాహెబ్ చేతిలో గుడ్డ పడేశాడు. ఇంజన్ భుజానికెత్తుకుని వానలో పడి గట్టు దిగాడు. సత్యదేవ్ పడవ అంచు పట్టుకుంటే చెయ్యి తీసేశాడు. "మీరు ఎక్కకుండ్రి సార్" అని మాత్రం అన్నాడు.

ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు సత్యదేవ్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. చెరువు మధ్యలో బుద్ధ విగ్రహం వానకి మసక నీడలా ఉంది, దాని వెనక ఏముందో కనబడదు. ఆవిడ లేకపోతే తనెవరి కోసం బతకాలి అనుకోలేదు, అలాంటి పెద్ద మాటలేవీ రాలేదు. ఇప్పుడు ఆవిడకి చలేస్తుంటుంది, నీళ్ళు మింగి ఉంటుంది, తన కోసం చూస్తుంటుంది, ఇవే. ఏడుస్తున్నానని ఆయనకే తెలీలేదు.

మోటారు చప్పుడు వినిపించింది. ముందు జాన్ సాహెబ్ కనిపించాడు. ఆయన వెనక టార్పాలిన్ కప్పుకుని, పెదాలు నల్లబడి, ఇంద్రజ.

వరండాలో క్లబ్బు కార్యదర్శి జోగారావు వేడి టీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు. పళ్ళు కటకటలాడుతున్నా ఆవిడ మొహం వెలుగుతోంది. మాటలు ఆగడం లేదు.

"విగ్రహం వెనక గాలి ఒక్కసారి మారిందండీ, పడవ పూర్తిగా బోర్లా పడిపోయింది. మాస్టు, అదే తెరచాప కట్టే స్తంభం, పోయి చెరువు అడుగున బురదలో దిగబడింది, ఎంత తొక్కినా పడవ లేవలేదు. బోర్లా పడిన పడవ మీదకే ఎక్కి కూర్చున్నా. గట్టు దగ్గర్లోనే కనిపించింది. ఈదేద్దామా అనుకున్నా కూడా. కానీ పడవని వదలకూడదుగా. ఎలాగూ నా బిళ్ళ ఎరుపులో ఉంది, జాన్ సాహెబ్ వస్తాడు. అలా అనుకుంటూ కూర్చున్నా. పదమూడో ఎక్కం నుంచి మొదలెట్టి పంతొమ్మిది దాకా చదివాను."

జోగారావు జాన్ సాహెబ్ వైపు తిరిగాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసు నీది. బోర్డు చూడకుండా పడవెలా లాగావు?"

జాన్ సాహెబ్ గొలుసు చుడుతూ ఉన్నాడు. తల ఎత్తలేదు, సత్యదేవ్ వైపు చూడనూ లేదు.

"ఆయన చూశాడండీ," అన్నాడు సత్యదేవ్. "నేనే తిప్పాను. ఇందూ బిళ్ళ నేనే తెలుపులోకి మార్చాను."

జోగారావు మర్యాదస్తుడు, లోపలికి వెళ్ళిపోయాడు. జాన్ సాహెబ్ కూడా షెడ్డు వైపు నడిచాడు. ఇంద్రజ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నేను వచ్చాననుకుని తిప్పారా? ఏదో తెరచాప చూసి నాదే అనుకున్నారా?"

ఎంత తేలికైన దారి చూపించింది ఆవిడ. అవునంటే చాలు, ఆ గాలివానలో ఎవరైనా పొరబడతారు, ఆవిడే క్షమించేస్తుంది. అవునన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

"లేదు," అన్నాడు. "నేను నీళ్ళ వైపే చూడలేదు. ఐదున్నర అయింది. నువ్వు ఐదున్నరకి వస్తావుగా."

ఇంద్రజ మొహంలో ఇందాకటి వెలుగు పోయింది.

"నీళ్ళలో గంటసేపు ఉన్నానండీ, ఒక్క నిమిషం కూడా భయం వెయ్యలేదు," అంది. "ఇప్పుడు వేస్తోంది."

లైఫ్ జాకెట్ ఇంకా ఒంటి మీదే ఉంది. దాని బకిల్స్ తీసుకోబోయింది గానీ చలికి వేళ్ళు వంగలేదు. సత్యదేవ్ చేతులు అలవాటుగా ముందుకెళ్ళాయి. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన చేతులు వెనక్కి తీసుకుని, ఆవిడ ఒక్కొక్క బకిల్‌తో పెనుగులాడుతుంటే అలాగే నిలబడ్డాడు. మూడు ఉన్నాయి. చాలాసేపు పట్టింది.