పిన్నీసు గుచ్చిన మాత్రల అట్టలు

అరవై రెండు, మళ్లీ చూసినా అరవై రెండే, ల్యాబు కాగితంలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎదురుగా అదే అంకె, స్టెంటు వేసిన గుండెకు డెబ్బై లోపు ఉండాలని రోజూ అందరికీ చెబుతూనే ఉంటాను కానీ ఈ అంకె మీద నుంచి ఈరోజు నా చూపు కదలడం లేదు, ఎదురుగా స్టూలు మీద పుల్లమ్మ నా ముఖంలోనే ఫలితం చదువుకునేట్టు చూస్తోంది, వెనక గోడకు ఆనుకుని ఆమె భర్త ఓబుళేశు, పొద్దున్నే కోడుమూరులో బస్సెక్కారట, బయట కర్నూలు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, వరండాలో ఇంకా ముప్ఫై మంది ఉన్నారు, ఏం తల్లీ ఎక్కినాదా దిగినాదా అంది, దిగింది పుల్లమ్మా, బాగా దిగింది, ముందు కాళ్ల సంగతి చెప్పండి అన్నాను, శానా తగ్గినాది తల్లీ, యాడన్నా ఒకపారి చీమ పాకినట్టుంటాది అంతే, నిన్న కొర్ర చేన్లో కలుపు గూడా తీసినా అంది, కలుపు తీసిందట, ఆరు నెలల కింద ఇదే గదిలోకి మొగుడి భుజం పట్టుకుని, నిప్పుల మీద నడుస్తున్నట్టు ఒక్కో అడుగూ వెతుక్కుంటూ వచ్చిన మనిషి.

అంతకుముందు కూడా చెప్పింది కదా, స్టెంటు వేసిన మూడు నెలలకే చెప్పింది, ఆ కొవ్వు మాత్ర మింగినకాడ్నుంచి అరికాళ్లు మండుతాండాయి తల్లీ, సూదులు పెట్టి పొడిసినట్టుండాది అని, నేను తలెత్తకుండా రాసుకుంటూ వయసమ్మా, చెప్పులేసుకుని తిరగండి అన్నాను, మరో మూడు నెలలకు మళ్లీ అదే మాట చెప్పింది, అప్పుడు నా కళ్లు కాగితంలోని నూట పదహారు మీదే ఉన్నాయి, ఇంకా తగ్గాలి, మాత్ర మోతాదు రెట్టింపు చేశాను, మంటకని ఒక విటమిన్ రాశాను, ఈ మాత్రతో చాలామందికి వచ్చే కండరాల నొప్పి అని ఉంటే ఆగి ఆలోచించేదాన్నేమో, నరాల మంట చాలా అరుదని చదువుకున్నాను, ఆ అరుదైన మనిషి స్టూలు మీద కూర్చుని తన నోటితో తనే చెబుతుంటే నాకు వినిపించలేదు, ఇప్పుడు తలుచుకున్నా ముఖం వేడెక్కుతుంది.

మూడోసారి, ఆ ఆరు నెలల కిందటి రోజున, బల్ల మీద ఒక క్యారీ బ్యాగు కుమ్మరించింది, ఖాళీ మాత్రల అట్టలు, తొమ్మిది నీలం, పది ఎరుపు, చెత్త ఎందుకు తెచ్చారమ్మా అనబోయి ఆగాను, నాకు సదువు రాదు తల్లీ, నువ్వు వయసన్నకాడ్నుంచి మంట ఎక్కువైన దినం ఆ దినం మాత్ర గూట్లో పిన్నీసుతో పొడిసినా, సూడు, అంది, నేను ఒక్కోటీ ట్యూబులైటు వైపు ఎత్తి చూశాను, నీలం అట్టల్లో వెలుతురు రెండు చోట్లో మూడు చోట్లో చుక్కగా కనబడింది, ఎర్ర అట్టలకు వచ్చేసరికి చుక్క పడని గూడు ఒక్కటైనా మిగల్లేదు, నీలం పాత మోతాదు, ఎరుపు నేను రెట్టింపు చేసింది, పదేళ్లు చదివిన నాకు ఇంతకంటే శుభ్రమైన లెక్క ఏ రోగీ తెచ్చివ్వలేదు, మరి మాత్ర మానేయలేదా అని అడిగితే, యాడ మానేది తల్లీ, మా ఊరి బొజ్జన్న ఇదే మాత్రకు కాళ్లు గుంజుతాండాయని ఎవురికీ సెప్పకుండా మానేసినాడు, ఏడాది తిరక్కముందే మళ్లా గుండెపోటొచ్చి పాయె, నాకు గుండె గావాల, కాళ్లూ గావాల, రెండిటికీ దావ నువ్వే సూడు అంది.

సూడు అంటే చూడాలి కదా, షుగరు మళ్లీ చూశాను, బి పన్నెండు, థైరాయిడు అన్నీ సరిగానే ఉన్నాయి, నరాల పరీక్ష మాత్రం పుల్లమ్మ చెప్పిందే నిజమంది, నేను చెప్పేదాకా మళ్లీ ముట్టొద్దని ఆరు వారాలు మాత్ర ఆపించాను, రెండు వారాలకోసారి రప్పించుకున్నాను, మంట సగానికి దిగింది, కొలెస్ట్రాల్ నూట యాభై దాటింది, ఆ కాగితం చూసి భయపడ్డాను, ఆమే నాకు ధైర్యం చెప్పింది, బయపడాకు తల్లీ, కొత్త విత్తనమైతే చేనంతా సల్లుతామా, ముందు ఒక సాలు ఏసి సూస్తాం గదా, నువ్వూ అట్లే సెయ్యి అని, అట్లాగే చేశాను, ముందు వేరే రకం మాత్ర ఒక్కటే, నెల ఆగి పాత జాతిదే ఇంకో మాత్ర చిన్న మోతాదులో, దినం విడిచి దినం, ప్రతిసారీ కాళ్లు ఏమంటున్నాయో అడిగాకే తరువాతి అడుగు, ఇంట్లో ఆమె చెయ్యాల్సింది ఆమె చేసింది, ఉగ్గానీలోకి బజ్జీ మానేసింది, నాకు గూడా పెట్టదు మేడం, మూడు పూటలా కొర్రన్నమే అని ఓబుళేశు నాతో మొరపెట్టుకుంటే, నీకు మాత్రం గుండె లేదా ఏంది అని కసిరింది.

ఇద్దరూ లేచారు, వస్తాం తల్లీ అంది, వరండాలో జనాన్ని తప్పించుకుంటూ ఎవరి భుజమూ పట్టుకోకుండా పోతోంది, నీలం చీర, అరిగిన చెప్పులు, నడకలో తొందర, తరువాతి రోగి తలుపు దగ్గరకు వచ్చాడు, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఎత్తాను, రెండుసార్లు కొట్టిపారేసిన డాక్టరు దగ్గరకే ఆమె కోపం లేకుండా, మందు మానకుండా తిరిగొచ్చింది, నేను ఆ చోట ఉంటే రాను, వేరే డాక్టరును వెతుక్కుంటాను, లేదా బొజ్జన్నలాగా నోరు మూసుకుని ఊరుకుంటాను, అలా ఊరుకున్నవాళ్లు ఎంతమంది ఈ గది దాటిపోయారో నాకు తెలియదు, ఈమె ఊరుకోలేదు, తన ఒంట్లో జరిగేది తనకు తెలుసని నమ్మింది, ఏదో ఒకరోజు నేనూ వింటానని కూడా నమ్మింది, ఆ రెండో నమ్మకం కలగడానికి నేను చేసిందేమీ లేదు, అదంతా ఆమె తన దగ్గర నుంచి తీసి నాకు ఇచ్చిందే.