రత్నకు మతిలేదన్న డాక్టరు

డాక్టర్ ఫణీంద్ర విశాఖలో పేరుమోసిన మానసిక వైద్యుడు. వృత్తిధర్మం మీద ఆయన ఉపన్యసిస్తుంటే కుర్ర డాక్టర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. ఆ ధర్మం మాత్రం ఆయనతో పాటు ఘాటీ ఎక్కి కొండల మీదికి రాలేదు.

హుకుంపేట దగ్గర కొండ మీద ఉండే రత్న భర్త యర్రయ్యను అక్కడి రిసార్టు యజమాని కొడుకు కారుతో గుద్ది చంపాడు. చూసింది రత్న ఒక్కతే. ఆమెకు మతి స్థిమితం లేదని నిందితుడి లాయరు పిటిషన్ వేశాడు. తేల్చమని కోర్టు ఫణీంద్రను నియమించింది. ఆ మహానుభావుడు వచ్చి దిగింది ఆ రిసార్టులోనే. బొంగులో కోడి తిని, చెయ్యి తుడుచుకుని, రత్నను పిలిపించాడు.

ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడే రత్నకు సంతలో పనికొచ్చే తెలుగే వచ్చు. ఆ భాష తెలిసినవాళ్లను పిలుద్దామంది ఆయన వెంట వచ్చిన జూనియర్ డాక్టర్ బిందుమాధవి.

"నా అనుభవానికి దుబాసీ ఎందుకమ్మా?" అని నవ్వి, ఆయన రత్న వైపు తిరిగాడు. "నీకు గొంతులేమైనా వినిపిస్తాయా?"

రత్న ఆలోచించింది. "మా ఆయన పిలుత్తాడు. పొద్దుగూకితే ఇనపడతాది."

అంతే చాలు. ఫోన్లో ఎవరితోనో కబుర్లాడుతూనే "భ్రాంతులు. సాక్ష్యానికి అనర్హురాలు" అని రాసి, కాగితం బిందుమాధవి వైపు తోశాడు.

"మొగుడు పోయి ఏడాది తిరగలేదు సార్. నాన్న పోయాక మా అమ్మకీ అలాగే వినిపించేది. అది దుఃఖం, జబ్బు కాదు. నేను సంతకం పెట్టను."

"మీ అమ్మ కోర్టులో సాక్షి కాదుగా," అన్నాడాయన.

బిందుమాధవి జరిగిందంతా కోర్టులో చెప్పింది. జడ్జి ఫణీంద్రను అడిగారు: "ఆమె భాష మీకు వచ్చా?"

"పిచ్చికి భాష ఉండదండీ."

"పరీక్షకు ఉంటుంది కదా?"

ఉపన్యాసాల పెద్దమనిషి నివేదికను పక్కనపెట్టి, జడ్జి వేరే వైద్యుల బృందాన్ని వేశారు. ఫణీంద్ర క్లినిక్‌లో బిందుమాధవి ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. బస్సులో ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చింది.

కొత్త డాక్టర్లు దుబాసీని వెంటబెట్టుకుని రత్నతో ఓపిగ్గా మాట్లాడారు. ఆమె బుద్ధి నిక్షేపంగా ఉందని తేల్చారు. రత్న బోనెక్కింది. కారు తోలిందెవరని అడిగితే, ఖరీదైన చొక్కాలో తల దించుకున్న కుర్రాణ్ణి చూపించింది.

"ఈ గుంటడే. గుద్దేసి, దిగి సూసి, మళ్లీ ఎక్కి ఎల్లిపోనాడు."