పాయింట్ రెండా, పాయింట్ మూడా

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. ఇంజనీరింగ్ పట్టా తెచ్చి చేతిలో పెడితే నాన్న, "మరి గోడ కట్టడం వచ్చా?" అని అడిగాడు. పక్కనే అన్న ఉన్నాడు. పదో తరగతి తప్పి, పాతికేళ్లకే మేస్త్రీ అయినవాడు. ఆ మాటకి అన్న నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం తెచ్చుకోవడానికి నాకో సాకైనా దొరికేది.

ఇప్పుడు ఇద్దరం ఒకే కట్టడం మీద పనిచేస్తున్నాం. కాంక్రీటు అన్నాక సన్నని పగుళ్లు వస్తాయి. ఎంత వెడల్పు వరకు ఒప్పుకోవాలో రాసిమ్మని పెద్ద ఇంజనీరు నాకు అప్పగించారు. నీళ్లు నిలిచే ట్యాంకు గోడకి 0.2 మిల్లీమీటర్లు, తడి తగలని లోపలి గోడకి 0.3. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

లోపలి గోడ పోసింది అన్న ముఠా. దాని పగులు మీద వెడల్పు కొలిచే గీతల కార్డు ఆనించి చూశాను. 0.25.

కాగితం మీద "అన్ని గోడలకూ 0.2" అని రాశాను. అది దాటిన ముఠాకి పై అంతస్తుల పని ఉండదు.

"కచ్చితమైన మనిషివమ్మా" అన్నారు పెద్ద ఇంజనీరు, సాయంత్రం సంతకం పెడతానంటూ.

మధ్యాహ్నం అన్నకి నేనే చెప్పాను, నీ గోడ తప్పిందని. వాదిస్తాడనుకున్నాను. అన్న వెనకున్న కూలీయే గొణిగాడు: "గోరు దిగని సందుకి ఇంత రాద్ధాంతమా!"

"నోర్ముయ్యరా. చదువుకున్న పిల్ల, ఊరికే రాస్తుందా?" అని కసిరాడు అన్న. నావైపు తిరిగి, "తడపడం తక్కువైందా చెల్లీ? చెప్పు, పై అంతస్తులో అలా రానివ్వను" అన్నాడు.

పై అంతస్తు తనకి దక్కదని అన్నకింకా తెలియదు. నమ్మడంలో కూడా నన్ను మించిపోయాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే మెట్లెక్కి, కాగితం వెనక్కి తీసుకుని దిద్దాను.

"పొద్దున పాయింట్ రెండు, ఇప్పుడు లోపలి గోడకి పాయింట్ మూడా?" అన్నారు పెద్ద ఇంజనీరు.

"పొద్దున రాసింది తప్పు సార్."

"ఆ గోడ పోసిందెవరు?"

"మా అన్న."

ఆయన కళ్ళజోడు తీశారు. "అదీ సంగతి! అన్న మీద ప్రేమ పొంగుకొచ్చిందన్నమాట."

"ప్రేమే ఉంటే పొద్దున్నే పాయింట్ మూడు రాసేదాన్ని సార్. కుళ్ళుతో పాయింట్ రెండు రాశాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంకొకరి చేత కొలిపిస్తాను."

"కొలిపించండి సార్. రాసిన హద్దు మాత్రం ఇక మార్చను."

"ఇకమీదట నీ కాగితాలు ఇంకొకరు చూశాకే నా బల్ల మీదికి రావాలి."

తలూపాను. అంతకన్నా తక్కువ శిక్ష నాకు తగదు.

ఇంకో ఇంజనీరు కొలిచినా 0.25 వచ్చింది. గోడ నిలిచింది, పై అంతస్తుల పని అన్నకే దక్కింది. ఇంటికి వెళ్ళేసరికి నాన్న అన్న వీపు తడుతున్నాడు.

"చెల్లి రాసిచ్చింది నాన్నా" అన్నాడు అన్న.

"రాయడానికేముందిలే! గోడ బాగుంటే ఎవరైనా రాస్తారు."

నాన్న అన్నది నిజమే. అదే నాకు మింగుడు పడలేదు.