కువైట్ కాల్‌కు లోకల్ వేషం

నేను ఒక సిమ్ బాక్సును. ఎప్పుడూ చూడలేదంటారా? నన్ను చూసినవాళ్ళు తక్కువే గానీ, నా మీదుగా మాట్లాడినవాళ్ళు వేలమంది. చెప్పుల పెట్టెంత ఇనుప డబ్బాను. ఒంటి నిండా సిమ్ములు, నెత్తిన ముళ్ళపందిలా యాంటెన్నాలు. చైనాలో ఎక్కడో బిగించి, ఓడెక్కించి పంపారు. రాయచోటిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే ఓబులేసు నన్ను కొని, టైలరు షాపు పైగదిలో పెట్టి, కిటికీకి దుప్పటి కట్టాడు. ప్లగ్గు పెట్టగానే నా లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అబ్బ, ఆ హుషారు!

కువైట్ నుంచి మాటలు నెట్టులో వచ్చి నాలో పడేవి. నేను వాటిని ఏదో ఒక సిమ్ములోంచి మామూలు లోకల్ కాల్‌గా బయటికి తోసేదాన్ని. నెట్టు ఫోన్లన్నీ దొంగవి కావు సుమా! యాప్‌లోంచి యాప్‌కు మాట్లాడుకుంటే ఎవరూ ఏమనరు. ఇక్కడి నెట్టులోంచి పరాయి దేశపు ఫోనుకు, అనుమతి ఉన్న కంపెనీ ద్వారా చేసుకున్నా సక్రమమే. పరాయి దేశపు కాల్‌ను లైసెన్సున్న దారిలో రానివ్వకుండా, ఆ చార్జీలు ఎగ్గొట్టి, నాలాంటి డబ్బాలో దూర్చి, లోకల్ వేషం వేయించడమే నేరం. నాకేమో ఆ వేషం వేయడమంటేనే మహా సరదా.

ఒకరోజు పొద్దున్నే మౌలాలి కాల్ వచ్చింది. కువైట్‌లో డ్రైవరు. యజమాని పెట్టే బాధలు పడలేక పారిపోయి ‘ఖల్లివల్లి’ అయ్యాడు, అంటే కాగితాల్లేని మనిషి. పాస్‌పోర్టూ ఫోనూ యజమాని దగ్గరే ఉండిపోయాయి. అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది గానీ, ఆ సాయంత్రంతో గడువు తీరిపోతుంది. పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో బీరువాలో ఉంది. దాని ఫోటో ఎంబసీలో చూపిస్తే ఇంటికి, లేకపోతే జైలుకు. చవక కాల్స్ కొట్టులో నిలబడి, రింగు వినిపిస్తున్నంతసేపూ ఇదంతా పక్కవాడికి చెప్పుకుంటున్నాడు.

ఇక్కడ ఆయన భార్య ఖాదరమ్మ ఫోను మోగింది. ఆమె నంబరు చూసి కట్ చేసేసింది. మొగుళ్ళు కువైట్‌లో ఉన్న ఆడవాళ్ళను ఆకతాయిలు ఫోన్లు చేసి సతాయించడం ఆ ఊళ్ళో మామూలే. కొత్త నంబరొస్తే ఎత్తొద్దని ఆమెకు గట్టిగా చెప్పింది కూడా మౌలాలే!

ఆయన మళ్ళీ చేశాడు. నేను సిమ్ము మార్చాను. ఆమె బ్లాక్ చేసింది. ఇంకో సిమ్ము, ఇంకో బ్లాక్! నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నా దగ్గరా సిమ్ములకు కొదవ? ఖాదరమ్మ తిన్నగా పోలీసు స్టేషనుకెళ్ళి ఆ నంబర్లన్నీ ఎస్సై నాగవేణికి చూపించింది. ఇలాంటి నంబర్ల కాల్స్ టైలరు షాపు పైనుంచే వెళ్తున్నాయని టెలికాం అధికారులు అప్పటికే ఆవిడకు చెప్పి ఉన్నారు. ఆవిడ వెంటనే జీపెక్కింది.

ఇల్లు చేరిన ఖాదరమ్మకు మళ్ళీ ఫోను. ఈసారి తిట్టడానికే ఎత్తింది.

“ఎవుడ్రా నువ్వు? సిగ్గు ల్యా? మా ఆయప్ప రానీ, నీ కాళ్ళిరగ్గొట్టిస్తా!”

“నేనే మే, మౌలాలిని! కాళ్ళు తర్వాత ఇరగ్గొడుదువు గానీ, బీరువాలో…”

అప్పుడే నా గది తలుపు భళ్ళున తెరుచుకుంది. కానిస్టేబులు ప్లగ్గు పీకేశాడు.

కాసేపటికి నేను స్టేషను బల్ల మీద ఉన్నాను. ఓబులేసు మూల నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. బీరువాలో ఏం కావాలో తెలియక, ఉన్న కాగితాలన్నీ సంచిలో కుక్కుకుని ఖాదరమ్మ పరుగున వచ్చింది. ఆ నంబర్లన్నీ ఈ డబ్బావేనని కానిస్టేబులు ఆమెకు చెప్పాడు.

“మేడం, ఆ డబ్బాను ఒకతూరి పెట్టండి! మా ఆయప్ప గొంతు దాంట్లోంచే వచ్చింది.”

“పెట్టకూడదమ్మా. పెట్టినా లాభం లేదు. ఎక్కడి నుంచి చేశాడో నీకు తెలియకుండా చేసేది ఇదే. వెనక్కి చేద్దామన్నా దారి లేదు.”

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్ళూ నేను మురిసిపోయిన వేషం చేసిన పని అదీ. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంతలో ఆమె ఫోను మోగింది. వీడియో కాల్! నంబరు ముందు కువైట్ కోడ్ ఉంది. మౌలాలి ఎవరినో బతిమాలి నెట్టున్న ఫోను సంపాదించాడు. ఆమె చటుక్కున ఎత్తింది.

“పాస్‌పోర్టు జిరాక్సు మే! బిన్నా ఫోటో పంపు, టైము అయిపోతాంది!”

సంచి బల్ల మీద బోర్లించారు. ఎస్సై, కానిస్టేబులు, ఆఖరికి ఓబులేసు కూడా కాగితాల మీద పడ్డారు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పెళ్ళి ఫోటో… దొరికింది! ఫోటో వెళ్ళింది. నా ముందు నుంచే, నన్ను అడక్కుండా, సక్రమమైన దారిలో వెళ్ళిపోయింది. కరెంటు లేదు గానీ, ఉంటే నా లైట్లన్నీ వెలిగించి గంతులేసేదాన్ని.

ఎస్సై నవ్వుతూ కలం తీసింది. “ఇంతకీ కంప్లైంటు ఎవరి మీదమ్మా? పొద్దున్నుంచి సతాయించింది మీ ఆయనే కదా!”

ఖాదరమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. “ఆయప్ప మీద ఎందుకు మేడం, ఈ డబ్బా మీదే రాయండి.”

అలాగే రాశారు. ఇప్పుడు కోర్టు సామాన్ల గదిలో ఉంటున్నాను. మొన్న వాయిదాకు నన్ను బయటికి తీశారు. నా మీద సాక్ష్యం చెప్పడానికి బోనెక్కింది ఎవరనుకున్నారు? మౌలాలే!