నుంజియా నాలుక

జ్వరం తగ్గి నెలలు గడిచినా నుంజియా నోటికి రుచి తిరిగి రాలేదు. కూరలో ఉప్పు ఎంత పడిందో తెలియని వంటమనిషి ఎందుకని, హోటల్లో పని తనే మానేసింది. ఆ ఆదివారం అక్క అగాతా ఆమెను బలవంతాన పలెర్మో వీధుల్లోకి నడిపించుకుపోయింది. సంతలో, వేయించిన శనగపిండి బిళ్లలు రొట్టెలో పెట్టించి ఇచ్చింది.

"ఎలా ఉందే?"

"అట్టముక్క నమిలినట్టుంది."

"సరేలే, నడు. ఊరింకా అయిపోలేదు."

చేపల బజారు దాటి రేవు దాకా నడిచారు. ఏ బండి దగ్గర ఏం తిన్నా అదే మాట. కాళ్లు లాగి అగాతా గట్టు మీద కూలబడింది. పక్క బండిలో కొన్న ఉడికించిన ఆక్టోపస్ ముక్కల మీద నిమ్మకాయ పిండి చెల్లెలికిచ్చింది. నుంజియా ఒక ముక్క నోట్లో వేసుకుని గట్టిగా కళ్లు మూసుకుంది.

"పుల్లగా ఉందక్కా," అంది.

అగాతా మిగిలిన నిమ్మచెక్క కూడా చెల్లెలి చేతిలో పెట్టింది.