ఒక చీరకు ఎన్ని కోళ్లు

గద్వాలలో సాయన్న నేసిన చీర చూడనివాళ్లు ఉండొచ్చు గానీ, ఆ చీర గొప్పతనం సాయన్న నోట వినకుండా తప్పించుకున్నవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. అట్లాంటి మనిషి ఇంటికి ఇథియోపియా నుంచి ఒక నేతగాడు వచ్చి, నాలుగు రోజులు పని చూసిపోతాడని చేనేత సంఘంవాళ్లు చెప్పేసరికి, సాయన్న ఆ పూటే మగ్గం గదికి సున్నం వేయించాడు.

"ఆఫ్రికా దాకా పోయింది మన పేరు," అన్నాడు భార్య పుష్పమ్మతో.

"మన ఇంట్ల ఫ్యాను మంచిగ తిరుగుతదని సంఘపోళ్లు నీ పేరు రాసిన్రు," అన్నది పుష్పమ్మ, రాట్నం ఆపకుండానే.

వచ్చినాయన పేరు తదెస్సె. సాయన్న ఈడువాడే. బక్కపలచటి మనిషి, తక్కువ మాట్లాడి ఎక్కువ నవ్వే రకం. ఆయన వెంట యమున వచ్చింది. వీధి చివరింటి పిల్ల, వనపర్తిలో డిగ్రీ చేసి సంఘం ఆఫీసులో పనిచేస్తోంది. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం, యమున ఇంగ్లీషు ఫరవాలేదు, తక్కువపడినచోటికి చేతులు ఎట్లాగూ ఉన్నాయి.

లోపలికి వస్తూనే మగ్గం మీది చీర చూసి నోరు తెరుస్తాడని సాయన్న ఎదురుచూశాడు. తదెస్సె చీర వైపు చూడనేలేదు. వంగి గుంట చూశాడు. నేలలో తవ్విన ఆ గుంటలోకి కాళ్లు వేలాడేసి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గం సాయన్నది. తదెస్సె మొహం వెలిగిపోయింది. వాళ్ల ఊళ్లోనూ అచ్చం ఇట్లాంటి గుంటేనట. వానకాలంలో మీ గుంటలోకి నీళ్లు ఊరతాయా అని అడిగించాడు.

"రాకేం? పిక్కల దాకా వస్తయ్," అన్నాడు సాయన్న.

ఒకాయన పంచె, ఒకాయన ప్యాంటు పైకి లాగి మోకాళ్లు చూపించుకున్నారు. ఏ మోకాలికి ఎక్కువ నొప్పో తేల్చుకోవడానికి యమున అవసరం పడలేదు.

ఇక సాయన్న ఉండబట్టలేక అసలు సంగతి అడిగాడు. "నెలకెంత పడ్తదో అడుగు బిడ్డా."

యమున అడిగి చెప్పిన అంకెను సాయన్న మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. తనకంటే ఎక్కువ! యమున ఫోనులో ఏదో నొక్కి, "మామా, గవి వాళ్ల పైసలు. మన రూపాయలల్ల చేస్తే నీకంటే తక్కువే," అనేసరికి ప్రాణం లేచొచ్చింది. కానీ తదెస్సె తల అడ్డంగా ఊపాడు. ఫోను లెక్క నమ్మొద్దంటాడు. ఆ పైసలతో ఏం వస్తుందో చూడాలంటాడు. కోడితో కొలుద్దాం అన్నాడు. కోడి రెండు దేశాల్లోనూ కోడే.

సాయన్న వేళ్లు మడిచి లెక్కవేసి, తన చీర మజూరికి ఇరవై కోళ్లు వస్తాయన్నాడు. పది రోజుల పని, ఇరవై కోళ్లు. తదెస్సె కాసేపు పైకి చూసి లెక్కపెట్టుకున్నాడు. వాళ్ల దగ్గర కోడి పండగ వస్తువట. అన్నే రోజులు శాలువలు నేస్తే మూడు కోళ్లు, అవీ బక్కవి.

ఇరవైకి మూడు! సాయన్న ఛాతీ ముందు పొంగింది. వెంటనే ఎదుటి మనిషి మొహం చూసి పాపం అనిపించింది. "గట్ల పరేషాన్ గాకు అని చెప్పు బిడ్డా. మీక్కూడ మంచి రోజులొస్తయ్," అన్నాడు పెద్దమనిషిలాగా.

తదెస్సె ఏమీ పరేషాన్ కాలేదు. గది నాలుగు మూలలా చూసి ఇంకో ప్రశ్న వేశాడు. యమున నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"మామా, ఆ చీర ఎంతమంది నేస్తరని అడుగుతుండు."

"ఒక్కన్నే."

"మరి పొద్దటి సంది రాట్నం తిప్పుతున్నామె ఎవరని అడుగుతుండు."

పుష్పమ్మ తలెత్తింది. రాట్నం మీద పోగును కండెలకు చుట్టేది ఆమె. కొంగు పట్టుపోగులను చీర ఒంటి నూలుపోగులకు ఒక్కొక్కటే ముడివేసేదీ ఆమె. తెల్లారుజామున అన్నం వండకముందు ఒక దఫా, గిన్నెలు తోమాక ఒక దఫా.

"ఆమె ఇంట్ల మనిషి గద," అన్నాడు సాయన్న.

ఈ మాటను ఇంగ్లీషులో పెట్టడానికి యమున కొంచెం తడుముకుంది. తదెస్సె జవాబు మాత్రం చప్పున వచ్చింది. వాళ్ల ఊళ్లో నూలు వడికేది ఆడవాళ్లట. భార్య వడికిన నూలుకు ఆయన పైసలిచ్చి తీసుకుంటాడట. "ఇంట్ల మనిషైతే కోళ్లు రావా అంటుండు మామా. ఇరవైని ఇద్దరికి పంచితే పదే గద అంటుండు."

రాట్నం ఆగిపోయింది. పుష్పమ్మ పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. పెళ్లయినప్పటి నుంచి సాయన్న ఆమె నవ్వులు ఎన్నో రకాలవి చూశాడు గానీ, ఇట్లాంటిది చూడలేదు. కొంచెం భయం వేసింది.

ఆ భయం ఉత్తది కాదని మర్నాడు పొద్దున తెలిసింది. మగ్గం ఎక్కి, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెలో కండె అయిపోగానే, అలవాటుగా చేయి పక్కకు చాపాడు. చేతిలో ఏమీ పడలేదు. కండెల బుట్ట పుష్పమ్మ ఒళ్లో ఉంది.

"ఏందే, ఇటియ్యి."

"ఎంతకు కొంటవు?"

"జర ఆగు పుష్పా, మంది ముంగట ఏందిది?"

"మంది ఎవ్వరున్నరు? ఆయన గూడ నేతపనోడే. ఆయనకంతా తెల్సు."

సాయన్న రోషంగా తనే రాట్నం ముందు కూర్చున్నాడు. పట్టుపోగు రెండుసార్లు తెగింది. మూడోసారి తెగలేదు గానీ, కండె మధ్యలో పొట్ట వచ్చి, నాడెలో పట్టనే లేదు. తదెస్సె అదంతా చాలా మర్యాదగా చూశాడు. తర్వాత యమునతో ఏదో చెప్పాడు.

"అత్తా, కండె ఒక్కింటికి నీకు సాయన్న మామ ఎంతిస్తే, ఆయన గంతకు రెండింతలు ఇస్తడంట. పోయేటప్పుడు బుట్టతోని కొనుకపోతడంట."

"ఆయనకు అమ్ముత," అన్నది పుష్పమ్మ.

"ఓ, ఏమయ్యా! నా పట్టు అది!" అని సాయన్న లేచి నిలబడేసరికి, తదెస్సె చెంపలమీద నీళ్లు కారేదాకా నవ్వాడు. నవ్వుతూనే సాయన్న భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. బేరం చాలాసేపు నడిచింది. సాయన్న చీరకు రెండు కోళ్ల దగ్గర మొదలుపెట్టాడు. పుష్పమ్మ పన్నెండు అన్నది. ఎనిమిది దగ్గర ఇద్దరూ ఆగారు. యమున సాక్షి.

తదెస్సె ఇంకో రెండు రోజులు ఉండి, చీర ఒంటికి అంచు కలిపే అతుకు నేర్చుకుని వెళ్లిపోయాడు. బస్సెక్కేముందు సాయన్నను గట్టిగా హత్తుకున్నాడు. పాడు మనిషి, మంచి మనిషి అనుకున్నాడు సాయన్న.

వారం తర్వాత చీర దిగింది. ఇప్పటిదాకా చీర ఇచ్చి మజూరి తెచ్చుకోవడానికి సావుకారు మధు దుకాణానికి సాయన్న ఒక్కడే పోయేవాడు. ఈసారి పుష్పమ్మ కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకు?"

"నా కోళ్లు నేను చూసుకోవాల్నా వద్దా?"

మధు చీర విప్పి దీపం కింద చూసి, ఎప్పటిలాగే అన్నాడు. "సాయన్నా, నీ అసొంటి చెయ్యి గద్వాలంతా దేవులాడినా దొరకదు."

సాయన్నకు ఎప్పటిలాగే ఒళ్లు తేలికైపోయింది. మజూరి పెంచమని అడగాలని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు. అంత మాట అన్న మనిషి దగ్గర పైసల సంగతి ఎత్తడానికి ప్రతిసారీ సిగ్గేసి, ఇచ్చిన టీ తాగి వచ్చేస్తున్నాడు. ఆ సంగతి అతనికి ఇప్పుడే, దుకాణం మధ్యలో నిలబడి ఉండగా తట్టింది. మెచ్చుకోలు తాను తెచ్చుకుంటున్నాడు, పెరగని ఆ మజూరికి ఇంట్లో ఇంకో మనిషి కూడా పనిచేస్తోంది.

"నిజమే మధు సేటు," అన్నది పుష్పమ్మ. "గసొంటి చెయ్యి కాబట్టే అడుగుతున్నం. మూడేండ్ల కింద ఎంతనో ఇయ్యాల గూడ గంతే ఇస్తున్నవు. పట్టు ధర పెరిగిందని కొనేటోళ్లకు చెప్పుకుంట ఎక్కువకు అమ్ముతున్నవు. బియ్యం ధర మాకు గూడ పెరిగింది."

మధు సాయన్న వైపు తిరిగాడు. "ఏం సాయన్నా, నువ్వెన్నడు అడగలేదు?"

 సాయన్న తప్పించుకోవడానికి దారి చూశాడు, కనబడలేదు. "అడగాల్సి ఉండె," అన్నాడు. "ఆమె అడిగింది నేను అడిగినట్లే."

ఎంత పెంచాలో పుష్పమ్మ తన అంకె చెప్పింది. మధు అమ్మో అన్నాడు, నెత్తి గోక్కున్నాడు, సూరత్ మిషన్ చీరల పోటీతో వచ్చిన కష్టం చెప్పాడు. చివరికి అందులో సగం, వచ్చే చీర నుంచి, అని ఒప్పుకున్నాడు. ఆ రోజు మజూరి మాత్రం రెండు ఫోనులకు విడివిడిగా వేయించుకుంది పుష్పమ్మ. ఆమె ఫోను మోగింది. తెరను రెండుసార్లు చదువుకుని, ఫోనును రవికెలో దాచుకుంది.

బయటికొచ్చాక సాయన్న అన్నాడు, "జర ఎక్కువ అడిగినవేమో."

"సగమే ఇస్తడని తెల్సు. గందుకే రెండింతలు అడిగిన."

సాయన్న నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. ఆమె ఆగలేదు. పాత బస్టాండు దగ్గర కుర్చీల దుకాణంలోకి పోయి, వీపు ఆనించుకోవడానికి వీలున్న పొట్టి కుర్చీ ఒకటి బేరం చేసింది. ఇన్నేళ్లూ రాట్నం దగ్గర ఆమె కూర్చున్నది వట్టి నేల మీదనేనని సాయన్నకు అప్పుడు లెక్కకొచ్చింది.

కుర్చీని ఆమె చేతుల్లోంచి తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

"మోస్తున్నందుకు పైసలు అడుగుతవా ఏంది?" అన్నది పుష్పమ్మ.

"ఇస్తవా?"

"చూస్త. ముందైతే నడువు."