డ్రైవరు సీటు

పై దవడ పద్నాలుగు పళ్ళూ మైనంలో నిలబెట్టాక ఆవిడ కుడి కోరపన్నును వెంట్రుకవాసి పక్కకు తిప్పింది. మరీ వరసగా ఉంటే కట్టుడుపళ్ళని తెలిసిపోతుంది. నవ్వినప్పుడు ఎదుటివాళ్ళు కనిపెట్టకూడదంటే ఎక్కడో ఒకచోట చిన్న వంకర ఉండాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ జనం నోళ్ళలో ఇలాంటి వంకరలు పెడుతూనే ఉంది. వాళ్ళలో ఒక్కరూ ఆవిడ ముఖం చూసినవాళ్ళు కారు. పళ్ళు డాక్టరుగారే కట్టారని చెప్పుకుంటారు.

దంతవైద్యులు పంపే అచ్చులకు పళ్ళు తయారుచేసే ఆ ల్యాబ్, మందుల దుకాణం వెనక ఒక పొడవాటి గది. కిటికీ కింద నాలుగు బల్లలు, మూలన మెరుగుపెట్టే మోటారు, ఎంత తుడిచినా పోని తెల్లటి ప్లాస్టర్ దుమ్ము. కంటికి ఎప్పుడూ అద్దం బిగించుకుని ఉంటుంది కనుక తోటివాళ్ళు ఆవిడకు భూతద్దం అని పేరు పెట్టారు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. జిగురు అంటీ అంటీ వేళ్ళ చివర్లు నున్నగా గట్టిపడిపోయాయి. నోట్లో నాలుక లేని మనిషని యజమాని మెచ్చుకుంటూ ఉంటాడు. నాలుక ఉంది. పని మధ్యలో దాన్ని వాడదు, అంతే.

ఆ పూట వృద్ధాశ్రమం నుంచి వచ్చిన సెట్లు మూడున్నాయి. అక్కడ పడుకునే ముందు గ్లాసుల్లో వేసుకున్న పళ్ళు తెల్లారేసరికి తారుమారై, ఒకరి పళ్ళతో ఒకరు నమిలేస్తుంటారు. అందుకని గులాబీరంగు పొడి కలిపి చిగురు పోసేటప్పుడే, మనిషి పేరు రాసిన సన్నటి కాగితం లోపల పరిచి పైన మళ్ళీ పారదర్శకమైన పొర పోస్తారు. గట్టిపడ్డాక ఆ పేరును చెరపడం ఎవరి తరమూ కాదు. ఆవిడ మూడు పేర్లూ చీమ తలకాయంత అక్షరాల్లో రాసి, పరిచి, అచ్చులు బిగించింది.

పన్నెండు కాగానే చేతులు కడుక్కుని సంచీ అందుకుంది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు యజమాని. ఆవిడ ఒక పూట సెలవు పెట్టడం ఆయన ఎరగడు.

"బానే ఉందండి. నా పేరు రాయించుకోవాలి, వెళ్తున్నా."

"ఎక్కడ?"

"రాయాల్సిన చోట."

విషయం ఏమిటంటే, ఆవిడ కార్లు చేస్తుంది. అసలు కారులో ఇరవై నాలుగో వంతు ఉండే బుల్లి కార్లు. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కలు అతికించి రంగేస్తే అయిపోతుంది కదా అనేవాళ్ళకు ఒక దండం. తలుపు పిడులు పళ్ళ తీగతో వంచుతుంది. పంటికి మెరుపు తెచ్చే ముద్దతోనే బానెట్ రుద్దుతుంది. సీట్లను చిగుళ్ళ పొడితో పోసి పైన రంగేస్తుంది. అయితే ఆవిడ కార్లలో మెరుపొక్కటే కాదు. స్టీరింగు మీద బొటనవేలు ఆనేచోట నలుపు పోయి ఉంటుంది. బ్రేకు పెడల్ ఒక అంచు అరిగి ఉంటుంది. డ్రైవరు సీటు తలుపు వైపుకు కాస్త కుంగి ఉంటుంది. కొత్త కారు ఎవరైనా చేస్తారు, పదేళ్ళు తిరిగిన కారు చెయ్యాలంటే మనుషుల్ని చూసి ఉండాలని ఆవిడ నమ్మకం.

ఏడేళ్ళ కిందట నమూనా కార్ల సంఘం పోటీ పెట్టినప్పుడు ఆవిడకు సెలవు దొరకలేదు. బస్సు కండక్టరుగా అప్పుడే రిటైరైన భర్త చేతికి కారిచ్చి పంపింది. బల్ల దగ్గర కార్యదర్శి "మీ పేరండీ?" అన్నాడు. కండక్టరు చెప్పాడు. అడిగింది తన పేరే కదా. మొదటి బహుమతి వచ్చింది, టీ ఇచ్చారు, నలుగురు చెయ్యి కలిపారు. ఇంటికొచ్చి చెబితే ఇద్దరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నారు. రెండో ఏడు కొంచెం తక్కువ నవ్వుకున్నారు. మూడో ఏటికి ఆయన "ఓపిక ఉండాలండీ, ఓపిక" అని కుర్రాళ్ళకు సలహాలివ్వడం మొదలుపెట్టాడు. సూదిలో దారం ఎక్కించలేని మనిషి. ఇలా ఏడు ప్రశంసాపత్రాలు ఆయన పేరున గోడెక్కాయి. పోయిన వారం ఉత్తరం వచ్చింది, ఏడుసార్లు విజేతగా నిలిచిన కండక్టరుగారికి ఈసారి ఘనంగా సత్కారం అని. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, "ఇక చాలు" అంది.

బస్టాపులో కండక్టరు రెండు అట్టపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ ముఖంలో కళ లేదు.

"వచ్చే ఏడు నీ పేరు రాయిద్దాంలేవోయ్. ఈసారికి పోనీ."

"వచ్చే ఏడు నేనుండొద్దూ?"

ఆవిడ గుండెలో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టరు చెప్పినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. ఆపరేషనుకు ఆ గుండె తట్టుకోదట.

"మెట్లెక్కొద్దన్నాడు కదా డాక్టరు. అక్కడ రెండంతస్తులు."

"అందుకేగా పెట్టెలు మిమ్మల్ని మొయ్యమంటున్నా."

ఆవిడ ఆ మెట్లను నాలుగుచోట్ల ఆగి ఎక్కింది. ఆగిన ప్రతిసారీ రెయిలింగు పట్టుకుని కిందకు కాదు, పైకే చూసింది. ఆయాసం తీరకముందే ఇంకో మెట్టు మీద కాలు వేసింది. కండక్టరు వెనక నిలబడి, ఎందుకొచ్చిన పట్టుదల అనుకున్నాడు. ఎందుకొచ్చిందో ఆయనకు తెలుసు, సిగ్గేసింది.

హాల్లో పొడుగ్గా బల్లలు వేసి ఆకుపచ్చ గుడ్డలు పరిచారు. కార్యదర్శి ఒకప్పటి లెక్కల మాస్టారు. చేతులు చాచి ఎదురొచ్చాడు.

"రండి గురువుగారూ. అమ్మా, మీరు అదృష్టవంతులు, ఇంట్లోనే ఇంతటి కళాకారుడు."

ఆవిడ కుర్చీ లాక్కుని, దరఖాస్తు తీసుకుని, చేసినవారి పేరు అన్నచోట తన పేరు ఇంటిపేరుతో సహా రాసింది. మాస్టారు చదివి నవ్వాడు.

"ఇద్దరి పేర్లూ రాద్దామా అమ్మా, జంటగా?"

"ఆయన పేరెందుకండీ? ఆయన మోశారు, నేను చేశాను. ఇదే కాదు, ఏడూ నేనే."

కండక్టరు పెట్టెలు బల్లమీద పెట్టి, "అవునండీ. ఆవిడే" అన్నాడు.

మాస్టారు ఆయన భుజం తట్టాడు. "భార్య మీద ప్రేమ ఉండాల్సిందే. మీ పెద్దమనసు నాకు తెలుసు. కానీ సంఘానికి పద్ధతులున్నాయి కదా."

నిజం ఒప్పుకున్నా నమ్మని మనిషిని ఏం చెయ్యాలో కండక్టరుకు తోచలేదు. ఆవిడకు తోచింది. రెండో పెట్టె తెరిచి, అయిదేళ్ళ కింద మొదటి బహుమతి కొట్టిన నీలం టాక్సీని బయటికి తీసింది. అక్కడున్న కుర్రాళ్ళు చుట్టూ మూగారు. సంచీలోంచి మైనం కోసే సన్నటి కత్తి తీసి, కారు వెల్లకిలా తిప్పి, అడుగు పలకను ఊడదీసి, డ్రైవరు సీటు కింద కత్తిమొన ఆనించింది. కండక్టరు కళ్ళు మూసుకున్నాడు.

టప్ మంది. బొటనవేలి గోరంత సీటు ఊడి ఆవిడ అరచేతిలో పడింది. అడుగున ఉన్న నల్లరంగును రెండు గీతల్లో చెక్కేసరికి కింద చిగుళ్ళ గులాబీరంగు బయటపడింది. తన కంటి అద్దం మాస్టారు చేతిలో పెట్టి, "చదవండి" అంది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. పేరు, ఇంటిపేరు, సంవత్సరం.

"మిగతా ఆరింట్లోనూ ఉందా?"

"ఉంది. తెచ్చి పగలగొట్టమంటారా?"

"వద్దమ్మా, వద్దు." ఆయన కంటి అద్దం తిరిగిచ్చి, దరఖాస్తు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నిబంధన ప్రకారం మీరు కొత్తవారవుతారు. మొదటిసారి వచ్చేవాళ్ళ బల్ల ఆ మూలన ఉంది."

"మూలనే పెట్టండి. పేరు మాత్రం పెద్దక్షరాల్లో రాయండి."

అక్కడితో వదల్లేదు. గోడమీంచి దింపి తెచ్చిన ఏడు ప్రశంసాపత్రాలను బల్లమీద పేర్చింది.

"దిద్దించి పంపిస్తామమ్మా."

"ఇప్పుడే దిద్దండి మాస్టారూ. తప్పని తెలిశాక జవాబు అలాగే వదిలేస్తారా మీరు?"

ఆయన వదిలే రకం కాదు. ఒక్కో పత్రం మీద కండక్టరు పేరు కొట్టేసి, ఆవిడ పేరు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. ఆవిడ ఏడింటినీ కుర్చీలోంచి కదలకుండా చూసింది. మూడోదాంట్లో ఇంటిపేరు మొదటి అక్షరం తప్పు పడితే మళ్ళీ రాయించింది. అయిదు గంటలకు కిందికి దిగారు.

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, టాక్సీ ఉన్న పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. ఎండ ఇంకా తగ్గలేదు.

"ఏడేళ్ళు ఆ పొగడ్తలన్నీ నేను తిన్నానోయ్" అన్నాడు కండక్టరు.

"తింటే తిన్నారు. ఒక్క కారూ కిందపడెయ్యలేదుగా."

"నన్ను తిట్టవా?"

"నాకు ఓపిక లేదు. రేపు తిడతా."

ఆయన నవ్వాడు. ఆవిడ కూడా నవ్వి, తల కిటికీకి ఆనించింది. ఆవిడకు దిగాల్సిన స్టాపుకు రెండు స్టాపుల ముందే లేచి నిలబడే అలవాటు. బస్సు ఆగకుండా పోతుందేమోనని భయం, కండక్టరు పెళ్ళాం అయ్యుండి. ముప్పై ఏళ్ళుగా ఆయన దాని మీద ఎగతాళి చేస్తున్నాడు. ఆ సాయంత్రం ఆ రెండు స్టాపులూ దాటిపోయాయి, ఆవిడ లేవలేదు. నిద్రపట్టిందనుకున్నాడు. తమ స్టాపు కూడా వచ్చింది. చెయ్యి పట్టుకుని నాడి చూసి, ఆయన బస్సు ఆపమని చెప్పలేదు. చివరి స్టాపుదాకా పక్కనే కూర్చున్నాడు.

తర్వాతి వారం బహుమతుల సభకు కండక్టరు ఒక్కడే మెట్లెక్కాడు. చేతిలో నీలం టాక్సీ. సీటు ఊడిన కారును అలా వదిలెయ్యడానికి మనసొప్పక, దుకాణంలో క్షణంలో అతుక్కునే జిగురు కొని తనే అతికించాడు. అడుగు పలక బిగించి, పెట్టెలో పెట్టి, మూత వేశాడు. పొద్దున తీసి చూస్తే అద్దాలన్నీ పాలపొర కట్టినట్టున్నాయి.

మాస్టారు కారు అందుకుని నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, మూసిన కారులో ఈ జిగురు వాడతారుటండీ? దాని ఆవిరికి అద్దాలు తెల్లబడిపోతాయి. నిన్నమొన్న నేర్చుకున్నవాడికి కూడా ఇది..." అని మధ్యలో ఆగిపోయాడు.

"తెలుసుంటుంది" అన్నాడు కండక్టరు. హాలంతా వినిపించేలా గొంతు పెంచాడు, కిక్కిరిసిన బస్సులో టికెట్లు అడిగిన గొంతు అది. "నాకు తెలీదు. జీవితంలో నేను చెయ్యి పెట్టిన కారు ఇదొక్కటే, ఏమైందో అందరూ చూడండి. ఇంకా ఎవరికైనా అనుమానం ఉందా?"

కండక్టరు మాస్టారు చేతిలోంచి కారు తీసుకుని మూల బల్ల వైపు చూపించాడు.

"దీన్ని కూడా ఆ మూల బల్ల మీదే పెట్టండి. చేసింది ఆవిడని రాయండి. కింద చిన్నక్షరాల్లో, అద్దాలు పాడుచేసినవాడని నా పేరు రాయండి."

మాస్టారు అట్టముక్క మీద అలాగే రాసి ముద్ర వేశాడు. సభ అయ్యాక కూడా టాక్సీ ఆ మూల బల్ల మీద ఉండిపోయింది, చలికాలం పొద్దున అద్దాలు బిగించుకుని లోపల ఎవరో కూర్చున్న కారులాగా, తెల్లగా ఆవిరి పట్టి.